డాన్యూబ్ ఒడ్డున నదుల బడి

ఆల్ప్స్ మంచుకొండల నీళ్లు మోసుకుంటూ సాగే డాన్యూబ్ నది ఒడ్డున ఓ ఉక్కు నగరం. పేరు లింజ్. వానెంత పడిందో చెబితే నదిలో నీరెంత వస్తుందో లెక్కగట్టే విద్యను కంప్యూటర్‌కి నేర్పిన చోట్లలో అదీ ఒకటి. ఆ విద్య కోసం వెళ్లేవాళ్లకి అక్కడ ఏం ఎదురవుతుంది? మన గోదావరికీ, బుడమేరుకీ దాంతో ఏం పని?

వియన్నాలో రైలెక్కితే గంటా పావులో లింజ్. ఆస్ట్రియాలో మూడో పెద్ద నగరమైనా జనాభా రెండు లక్షల పైచిలుకే. మన లెక్కలో ఓ మోస్తరు జిల్లా కేంద్రం! స్టేషన్ దగ్గర ట్రామ్ ఎక్కితే అంగళ్ల వీధి, రంగురంగుల పాత మేడలున్న పెద్ద చౌకు దాటి నీబెలుంగెన్ వంతెన మీదికి వస్తుంది. కింద డాన్యూబ్. జర్మనీలోని బ్లాక్ ఫారెస్టులో పుట్టి పది దేశాలు తిరిగి నల్ల సముద్రంలో కలిసే ఈ నది పొడవు దాదాపు 2,850 కిలోమీటర్లు. అంటే గోదావరికి దాదాపు రెట్టింపు. వంతెన అవతల గుట్ట మీద జంట గోపురాల చర్చి. ఆ గుట్టెక్కే ట్రామ్ 1898 నుంచీ నడుస్తోంది. విశ్వవిద్యాలయానికి వెళ్లే ట్రామ్ మాత్రం ఊరి చివరిదాకా పోయి, ఓ చెరువున్న ప్రాంగణం దగ్గర దించుతుంది.

లింజ్ పేరు తెలియకపోయినా, అందులోని మొదటి అక్షరం విశాఖ ఉక్కు కార్మికులకు కొట్టినపిండి. కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊది ఉక్కు చేసే ‘ఎల్.డి. కన్వర్టర్’లో ‘ఎల్’ అంటే లింజే! ఆ పద్ధతి 1952లో ఇక్కడి కర్మాగారంలో మొదలై ప్రపంచమంతా పాకింది. విశాఖకూ వచ్చింది. ఈ ఊరి నుంచి అలా ఊరూరా పాకిన రెండో విద్య నీళ్లది.

పీపాలో పుల్ల

ఇక్కడి విశ్వవిద్యాలయం పేరు యోహానెస్ కెప్లర్ విశ్వవిద్యాలయం. గ్రహాలు సూర్యుడి చుట్టూ ఎలా తిరుగుతాయో సూత్రాలు చెప్పిన ఆ కెప్లరే. 1612 నుంచి 1626 వరకూ ఆయన లింజ్‌లోనే ఉన్నాడు. 1613లో రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏడు ద్రాక్ష విరగకాసి పడవల నిండా ద్రాక్షసారా పీపాలు రేవులో దిగాయి. కొత్త కాపురం కదా, కెప్లర్ కూడా కొన్ని పీపాలు కొన్నాడు. నాలుగు రోజులకి అమ్మినవాడు కొలత పుల్ల పట్టుకొచ్చాడు. పీపా మధ్యలో ఉన్న కన్నంలోంచి పుల్లను ఏటవాలుగా అడుగు అంచుదాకా దూర్చి, తడిసినంత మేర చూసి ‘ఇందులో ఇంత’ అని చెప్పేశాడు. పీపా పొట్టిదా పొడుగుదా, లావా సన్నమా... ఏదీ చూడలేదు. ఒక్క గీతతో మొత్తం సరుకు లెక్క ఎలా తేలుతుందని గణిత మేధావికి అనుమానం వచ్చింది. ఆ అనుమానం 1615లో ఏకంగా పుస్తకమైంది. అచ్చయిందీ లింజ్‌లోనే. ఆస్ట్రియా పీపాల కొలతల పొందిక ఎలాంటిదంటే, ఆకారంలో కాస్త తేడా ఉన్నా పుల్ల చెప్పే లెక్క పెద్దగా తప్పదని ఆయన తేల్చాడు.

నదిని కొలిచేదీ ఇంచుమించు ఇలాగే. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కొలబద్ద మీద కనిపించేది ఎత్తు మాత్రమే. ఆ ఎత్తులో ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయో ముందే వేసిపెట్టుకున్న పట్టిక చెప్పాలి. పీపా ఆకారం మారదు. నది అడుగు ఏటా మారుతుంది. ఇసుక మేట వేస్తుంది, ఒడ్డు కోసుకుపోతుంది. అందుకే ఈ ల్యాబుల్లో చేరిన కొత్తవాళ్లు మొదట వదిలించుకోవాల్సిన భ్రమ ఒకటుంది. కంప్యూటర్ తెర మీద కనిపించే ‘ప్రవాహం’ అంకె దేవుడు చెప్పింది కాదు, ఎవరో ఒడ్డున నిలబడి చదివిన ఎత్తు నుంచి కట్టిన అంచనా!

గేట్లున్న జ్ఞాపకం

మెషీన్ లెర్నింగ్ అంటే యంత్రానికి సూత్రం చెప్పకుండా, ఉదాహరణలు చూపించి దాన్నే నేర్చుకోమనడం. ఇక్కడి మెషీన్ లెర్నింగ్ విభాగానికి పెద్ద సెప్ హోక్‌రైటర్. 1991లో మ్యూనిక్‌లో చదువుకుంటూనే ఒక చిక్కును పట్టుకున్నాడాయన. అప్పటి యంత్రాలకు నిన్నటి సంగతి గుర్తుంటే మొన్నటిది మరుపు. దానికి విరుగుడుగా యూర్గన్ ష్మిడ్‌హుబర్‌తో కలిసి 1997లో ఓ పద్ధతి ప్రకటించాడు. పేరు లాంగ్ షార్ట్ టర్మ్ మెమొరీ, పొట్టిగా ఎల్ఎస్‌టీఎం. ఫోన్లలో మాటను గుర్తుపట్టడానికీ, ఒక భాషను మరో భాషలోకి మార్చడానికీ ఒకప్పుడు దీన్నే తెగ వాడారు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలుగువాళ్లకి చెప్పడం తేలిక. ఎందుకంటే ఇందులో గేట్లుంటాయి! లోపల జలాశయం లాంటి ఓ జ్ఞాపకాల గది. కొత్త సంగతిని ఎంతవరకు లోనికి రానివ్వాలో ఒక గేటు చూసుకుంటుంది. ఎంత బయటికి చెప్పాలో ఇంకోటి. పాతదాన్ని ఎంత మరిచిపోవాలో మరోటి. ఈ మరుపు గేటు మొదట్లో లేదు, 2000లో చేర్చారు. జ్ఞాపకంతోపాటు మరుపూ అవసరమని మూడేళ్లకు తెలిసిందన్నమాట.

నదికి కావలసిందీ ఇదే. జూన్‌లో పడిన తొలకరి వాన ఎండిన నేలలోకి ఇంకిపోతుంది. అదే వాన ఆగస్టులో పడితే, నేల అప్పటికే నానిపోయి ఉంటుంది కాబట్టి, నీరంతా వాగులోకి పరుగెడుతుంది. వాన ఒకటే, వరద వేరు. ఎన్ని రోజుల కిందటి వానను గుర్తుపెట్టుకోవాలో తెలియాలి. ఈ సంగతి పట్టుకుని ఎల్ఎస్‌టీఎంను నదుల మీద ప్రయోగించినవాళ్లలో ముఖ్యుడు ఫ్రెడరిక్ క్రాట్జర్ట్. వియన్నాలోని వ్యవసాయ, ప్రకృతి వనరుల విశ్వవిద్యాలయం ‘బోకు’లో ఉండగా సహచరులతో కలిసి 2018లో తొలి పత్రం వేశాడు. అమెరికాలోని 241 పరీవాహక ప్రాంతాల వాన, ఎండ, ప్రవాహం లెక్కలిచ్చి, ఒక్కోరోజు ప్రవాహం చెప్పడానికి దాని వెనకటి 365 రోజులూ చూడమన్నారు. తర్వాత ఈ పని లింజ్‌లో కొనసాగింది.

అక్కడ ఓ వింత బయటపడింది. మంచు ఎంత పేరుకుందో యంత్రానికి ఎవరూ చెప్పలేదు. అయినా దాని జ్ఞాపకాల గదిలో ఒక అంకె శీతాకాలమంతా పెరుగుతూ, వసంతంలో మంచు కరిగే వేళకి పడిపోతోంది! కొండ మీద మంచు పోగవడాన్ని అది తనంతట తానే కనిపెట్టి లెక్క రాసుకుంటోందన్నమాట.

కొలబద్ద లేని వాగు

అసలు పందెం వేరే ఉంది. కొలిచే నదుల కంటే కొలవని వాగులే ప్రపంచంలో ఎక్కువ. 2003 నుంచి 2012 వరకు ఒక దశాబ్దాన్ని ఇలాంటి వాగుల కోసమే కేటాయించారు అంతర్జాతీయ జలశాస్త్రవేత్తలు. ఎంత తలబద్దలు కొట్టుకున్నా చిక్కు పూర్తిగా వీడలేదు. 2019లో లింజ్ బృందం, అమెరికా సహచరులతో కలిసి, ఓ పరీక్ష పెట్టింది. 531 పరీవాహక ప్రాంతాలు తీసుకుని, కొన్నింటి ప్రవాహం లెక్కల్ని యంత్రానికి చూపించకుండా దాచిపెట్టింది. మిగతావాటితో నేర్పి, దాచినవాటి గురించి అడిగింది. వంతులవారీగా అన్నిటికీ ఇదే పరీక్ష.

మార్కులు వేయడానికి నాష్, సట్‌క్లిఫ్ అనే ఇద్దరు 1970లో చెప్పిన కొలత ఒకటుంది. అచ్చు గుద్దినట్లు చెబితే 1. ఊరికే సగటు చెప్పి కూర్చుంటే సున్నా. ఎదురుగా లేని నది గురించి యంత్రం చెప్పిన జవాబులకు మధ్యస్థంగా 0.69 వచ్చింది. అదే నది లెక్కలతో సరిచేసుకున్న పాత తరహా నమూనాకి 0.64. అమెరికా జాతీయ జల నమూనాకి 0.58. ఇంటివాడి కంటే పొరుగువాడికే ఇంటి గుట్టు బాగా తెలిసినట్లయింది!

కిటుకు ఏమిటంటే, అది ఒక నదిని కాదు, వందల నదుల్ని చదివింది. ఎడారి వాగు, మంచు నది, అడవి ఏరు... అన్నీ కలిపి. ‘ఒకే నది లెక్కలతో ఎల్ఎస్‌టీఎంకు ఎప్పుడూ నేర్పకండి’ అన్న అర్థం వచ్చే శీర్షికతో క్రాట్జర్ట్ బృందం 2024లో ఒక వ్యాసమే వేసింది. ఒక నది, ఒక స్టేషన్, ఒక థీసిస్ అనుకుని చేసేవాళ్లు చదివి తీరాల్సిన వ్యాసం.

రెండు రకాల కొత్తవాళ్లు

ఇలాంటి ల్యాబులకు వచ్చేవాళ్లు స్థూలంగా రెండు రకాలు. సివిల్ ఇంజినీరింగ్ చదివి, నీటి సంగతి తెలిసి, ప్రోగ్రాం రాయడానికి తడబడేవాళ్లు. కోడ్ చకచకా రాసేసి, కొలబద్దను ఫొటోలో తప్ప చూడనివాళ్లు. ఆస్ట్రియాలో పీహెచ్‌డీ అంటే చాలామటుకు ఫీజు కట్టే కోర్సు కాదు, ప్రాజెక్టులో జీతానికి చేరే ఉద్యోగం. ల్యాబులో ఇంగ్లిష్‌తో గడిచిపోతుంది. ఇల్లు అద్దెకి తీసుకోవాలన్నా, ఆఫీసు కాగితాలు నింపాలన్నా జర్మన్ రావాలి. దారిన పోయేవాళ్లు ‘గ్రూస్ గాట్’ అంటే తిరిగి అదే అనాలి. బాదం, ఎర్ర కరెంట్ పండ్ల జామ్‌తో చేసే లింజర్ టోర్టె అనే కేకు ఊరి పేరు నిలబెట్టింది, తిని తీరాలి. ఇక వరికూడు, ఊరగాయ ఎవరికి వారే చూసుకోవాలి.

చేరగానే కొత్త సిద్ధాంతం కనిపెట్టమని ఎవరూ అనరు. పరిశోధకులు తాము వాడిన ప్రోగ్రాంలను ‘న్యూరల్ హైడ్రాలజీ’ పేరుతో అందరికీ ఉచితంగా పెట్టారు. వియన్నా బోకు వాళ్లు 2021లో మధ్య ఐరోపాలోని 859 పరీవాహక ప్రాంతాల లెక్కలు బయటపెట్టారు. వీటితో పాత ఫలితాన్ని మళ్లీ రాబట్టడం మొదటి పని. వినడానికి చప్పగా ఉంటుంది కానీ, కొలబద్ద చుట్టూ నీరు గడ్డకట్టిన రోజులు, పరికరం చెడి ఒకే అంకె వారంపాటు కొట్టుకొచ్చిన రోజులు కళ్లపడేది అప్పుడే. శిక్షణ కొన్ని గంటల్లో అయిపోతుంది. లెక్కలు శుభ్రం చేయడానికే వారాలు పడుతుంది.

సివిల్ చదివినవాడు అడిగే ప్రశ్న ఒకటి ఎప్పుడూ ఉంటుంది: ‘పడిన వాన, పోయిన నీరు లెక్క సరిపోయిందా?’ యంత్రానికి ఆ పట్టింపు లేదు. నీటిని సృష్టించినా, మాయం చేసినా దానికి తప్పు తెలియదు. అందుకే లింజ్‌లోనే 2021లో ఒక్క చుక్క కూడా లెక్క తప్పకుండా కట్టడి చేసిన మరో రకం ఎల్ఎస్‌టీఎం తయారుచేశారు. పెద్ద వరదల పతాక స్థాయిని చెప్పడంలో అది ముందు నిలిచింది. మొత్తం మార్కుల్లో మాత్రం కట్టడి లేనిదే కాస్త పైన! వాన కొలతలోనే తప్పున్నప్పుడు చుక్క చుక్కకీ లెక్క సరిపెట్టాలని పట్టుబడితే, ఆ తప్పూ ప్రవాహంలోకి వచ్చేస్తుంది మరి. ఈ వాదన ఇంకా తెగలేదు.

ఇద్దరికీ ఒకే నెల

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో పడవలు తిరిగాయి. సరిగ్గా రెండు వారాలకు బోరిస్ తుపానుతో దిగువ ఆస్ట్రియా రాష్ట్రాన్నంతా విపత్తు ప్రాంతంగా ప్రకటించారు. వియన్నాలో మామూలు రోజుల్లో పిల్లకాలువలా పారే వీన్ నది గట్లు ఒరుసుకుంటూ పారింది. రెండు చోట్లా కొంప ముంచినవాటిలో చిన్న ఏళ్లే ముందున్నాయి. గోదావరి వరద భద్రాచలం, ఏజెన్సీ మండలాలకు చేరడానికి ముందు పైనుంచి కబురొస్తుంది. ఏటికి అంత వ్యవధి ఉండదు.

లింజ్ నుంచి కొందరు గూగుల్ వరద హెచ్చరికల బృందంలో చేరారు. ఆ హెచ్చరికలు 2018లో మొదలైంది మన పట్నా దగ్గరే. ఆ బృందం 5,680 కొలత కేంద్రాల లెక్కలతో ఎల్ఎస్‌టీఎంకు నేర్పి, 2024 మార్చిలో ‘నేచర్’ పత్రికలో ఫలితం వేసింది. ఐరోపావారి గ్లోఫాస్ వ్యవస్థ ఏ రోజుకారోజు చెప్పే దానికి తీసిపోకుండా, ఇది ఐదు రోజుల ముందే చెప్పగలిగింది. అదీ కొలబద్దల్లేని చోట్ల. కాకపోతే అవి నదుల వరదలు. నగరంలో కాలువ కట్ట తెగితే నీళ్లు ఏ వీధిలోకి మళ్లుతాయో ఈ విద్యకి అంతుపట్టదు.

దక్షిణాది నదులకూ ఇప్పుడు సరంజామా అమరుతోంది. ద్వీపకల్ప భారతంలోని 228 పరీవాహక ప్రాంతాల లెక్కల్ని ‘కామెల్స్ ఇండ్’ పేరుతో ఒక్కచోట చేర్చి పెట్టారు. లింజ్ దాకా వెళ్లకుండానే ఇంట్లో కూర్చుని వాటిని తీసుకోవచ్చు. ఒడ్డున నిలబడి ఏళ్ల తరబడి ఎత్తు రాసినవాళ్ల పేర్లు మాత్రం ఏ దత్తాంశంలోనూ ఉండవు.

లింజ్‌లో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. కొత్తవాళ్లకి ఏం తోచదు. గంట ప్రయాణంలో సరిహద్దు దాటితే జర్మనీలోని పాసౌ. ఇన్ నది వచ్చి డాన్యూబ్‌లో కలిసే ఊరు. పాత టౌన్‌హాలు గోడ మీద వరదల గీతలు, పక్కన సంవత్సరాలు. అన్నిటికంటే పైన 1501. దానికి కాస్తే కింద 2013. ఆ ఏడు నీరు 12.89 మీటర్లకు చేరింది. అమెరికా నదుల దత్తాంశంలోని లెక్కలు 1980 నుంచి మొదలవుతాయి. మధ్య ఐరోపా లెక్కలూ ఇంచుమించు అంతే. 1501 లాంటి నీటిని యంత్రం ఎప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని అది ఊహించగలదా అన్నది ఇప్పుడు చేరుతున్న విద్యార్థుల బల్ల మీదున్న ప్రశ్న. భద్రాచలంలోనైతే 1986 ఆగస్టులో 75.6 అడుగులు. 2022 జులైలో 71.3.