కాటా మీద తూచిన బరువు

సంఘ కాపరి ఇనుప బరువుల గురించి రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. మాకూ మొదట అది నవ్వులాటగానే ఉండేది.

మా సంఘ యవనస్థులు కబడ్డీ పోటీలకు సిద్ధపడుచున్న రోజులవి. కూతకు వెళ్లేవారు బాగానే ఉన్నా, పట్టేవారికి బలం చాలడం లేదు. మందిరం వెనుక ఒక ఇనుప గొట్టానికి రెండు వైపులా సిమెంటు పోసిన డబ్బాలు బిగించాము. వేదాంత కళాశాలలో ఉన్నప్పుడు నాలుగు బస్కీలు తీసిన అనుభవం తప్ప మాకేమీ తెలియదు. అయినా గురువులమైపోయాము. ప్రతిరోజూ, ఎవరు ఎంత ఎత్తగలిగితే అంత! మూడవ వారంలో ఒక విధవరాలి కుమారుడు ఆ గొట్టం లేపబోయి నడుం పట్టుకొని కూలబడ్డాడు. నాట్ల కాలం. ఇరవై రోజులు కూలికి పోలేదు.

"అయ్యగారండీ, మీ దగ్గరున్నాడు గదా అని నిశ్చింతగా ఉన్నానండి" అని మాత్రమే అన్నది ఆ తల్లి. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే డబ్బాలను మిల్లు కాటా మీద తూచాము. మేము 60 కిలోలనుకొన్నది 72 ఉన్నది.

పట్నంలో వ్యాయామం నేర్పే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాము. ఆయన మొదట అడిగినది, "మీ నోటుపుస్తకం ఏదండీ పాస్టరుగారూ?" అని. మా దగ్గర లేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు చికిత్స చేసిన డెలోర్మ్ అనే అమెరికా వైద్యుని పద్ధతి ఆయన వివరించారు. మనిషి పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువు ఎంతో ముందు కనుక్కోవాలి. అది 40 కిలోలైతే, మొదటి వరుస 20తో పదిసార్లు, రెండవది 30తో, మూడవది 40తో. అది తేలికైనప్పుడే కొంచెం పెంచాలి. గాయపడినవారిని లేపడానికి పుట్టిన లెక్క ఇది. మేము లెక్క లేక బాగున్నవాడిని పడగొట్టాము.

వారానికి మూడు రోజులు చాలునట, మధ్య ఒక్కొక్క రోజు విడుపు. కండ బలపడేది ఎత్తేటప్పుడు కాదు, తిని నిద్రపోయేటప్పుడు. ముందు వట్టి వెదురు కర్రతో నడుం వంగకుండా లేవడం నేర్పాలి. పోటీకి ముందు వారం బరువు తగ్గించాలి. మేమైతే సరిగ్గా ఆ వారమే రెట్టింపు చేద్దామనుకొన్నాము! తిండి సంగతి మా పాస్టరమ్మగారు చూసుకొన్నారు: గుడ్లు, వేరుశెనగలు, పప్పు.

ఆ యేడు పోటీలో మావారు రెండవ ఆటలోనే ఓడిపోయారు. నడుం పట్టిన అబ్బాయి ఆడలేదు. డాక్టరుగారు సరే అన్న తరువాత కర్రతో మొదలుపెట్టాడు. పుస్తకంలో అతని పేజీ మేమే రాస్తాము. తల్లికి చదువు రాదు గనుక ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, "ఈ వారం ఎంతండీ?" అని అడుగుతుంది. మొన్న 25 అని చెప్పాము. "తూచారాండీ?" అన్నది.