ఇచ్చివేసిన చోటు



మన పల్లెల్లో మంచు అంటే డిసెంబరు తెల్లవారుజామున చేల మీద పరచుకొనే పొగమంచే. ఐస్ అంటే ఎండాకాలంలో సైకిలు మీద డబ్బాలో వచ్చే పుల్లఐసు. అట్టి మనకు, గడ్డకట్టిన నీటి మీద ఉక్కు బద్దలు తొడుక్కొని పరుగెత్తే స్త్రీల సంగతి చెప్పబోతే, పాస్టరుగారికి ఇదేమి కొత్త పిచ్చి అని మీరు నవ్వవచ్చు. అయినను ఓపికతో చదవండి. ముప్పై ఏళ్లుగా మేము దాచుకొన్న తప్పు ఒకటి ఈ పందెము వలననే బయటపడింది.

2022 ఫిబ్రవరి 17న బీజింగ్ నగరంలో శీతాకాల ఒలింపిక్స్‌లో మహిళల 1000 మీటర్ల స్పీడ్ స్కేటింగ్ పందెము జరిగింది. తరువాత కొన్నాళ్లకు మా అబ్బాయి దానిని సెల్‌ఫోన్‌లో చూపించాడు. చుట్టు దారి 400 మీటర్లు. రెండున్నర చుట్లు తిరగాలి. ఒకేసారి ఇద్దరే బయలుదేరుతారు. లోపలి దారి పొట్టిది, బయటి దారి పొడవైనది గనుక ప్రతి చుట్టులోను ఒకచోట ఇద్దరూ దారులు మార్చుకోవాలి. అక్కడ ఇద్దరూ ఒకేసారి ఎదురుపడితే, సాధారణంగా లోపలి నుండి వచ్చేవారే బయటి నుండి వచ్చేవారికి దారి ఇవ్వాలి. ఇప్పటిదాకా పొట్టి దారిలో సుఖపడినవారే ఆగాలన్నమాట. ఈ నియమము మాకు ఎంతో నచ్చింది.

వారి బూటు కింద ఉక్కు బద్ద ముందు వైపు మాత్రమే కీలుతో బిగించి ఉంటుంది. మడమ లేచినా బద్ద మంచును వదలదు. అందువలన ప్రతి అడుగులోను ఇంకొంచెం తోపు దొరుకుతుంది.

ఆ రోజు జపాను దేశపు మిహో తకాగి 1 నిమిషం 13.19 సెకన్లలో ముగించి స్వర్ణము గెలిచింది. అంటే సగటున గంటకు సుమారు 49 కిలోమీటర్లు! మన పల్లెవెలుగు బస్సు వేగము. అంతకు ముందు అదే ఒలింపిక్స్‌లో ఆమెకు మూడు రజతాలు వచ్చాయి. ఆ మూడోది జట్టు పందెంలో. చివరి మలుపులో ఆమె సొంత అక్క నానా జారిపడగా స్వర్ణము చేజారింది. అది జరిగిన రెండు రోజులకే ఈ గెలుపు. నెదర్లాండ్స్ దేశపు యుట్టా లీర్డామ్ రెండవది. అమెరికాకు చెందిన బ్రిటనీ బో 1 నిమిషం 14.61 సెకన్లతో మూడవది. మేము చెప్పదలచినది ఈ మూడవ ఆమె సంగతి.

బ్రిటనీ బో ఫ్లోరిడాలోని ఒకాలా పట్టణపు బిడ్డ. అది మంచు పడని వేడి ప్రాంతము. చిన్నతనంలో చక్రాల బూట్ల మీద పరుగు నేర్చుకొన్నది. అదే పట్టణం నుండి ఎరిన్ జాక్సన్ అను మరొక యువతి కూడా అలాగే వచ్చింది. 500 మీటర్లలో ఎరిన్ అప్పటికి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నది. కాని 2022 జనవరిలో అమెరికా జట్టు ఎంపిక పందెంలో ఆమె కాలు తడబడి మూడవదిగా నిలిచింది. ఉన్నవి రెండే చోట్లు. మొదట నిలిచినది బ్రిటనీ.

నియమము ప్రకారము ఆ చోటు బ్రిటనీదే. ఎవరూ తప్పు పట్టేవారు కారు. అయినను ఆమె తన చోటు ఎరిన్‌కు ఇచ్చివేసింది. ఫిబ్రవరి 13న ఎరిన్ 37.04 సెకన్లలో స్వర్ణము గెలిచింది. శీతాకాల ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణము పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. తరువాత ఆ దేశానికి ఇంకొక చోటు దొరకగా బ్రిటనీ కూడా ఆ పందెంలో పరుగెత్తి 16వ స్థానంలో నిలిచింది. నాలుగు రోజులకు 1000 మీటర్లలో కాంస్యము అందుకొన్నది. 2018లో ఇదే పందెంలో ఆమెది నాలుగవ స్థానము. ఇచ్చినందుకే పతకము వచ్చిందని మేము చెప్పము. పతకము ఆమె కాళ్ల కష్టము. ఇచ్చినప్పుడు తిరిగి ఏమి వస్తుందో ఆమెకు తెలియదు.

ఇది చూచి మేము ఆ రాత్రి నిద్రపోలేదు.

మేము తొమ్మిదవ తరగతిలో ఉండగా జోనల్ ఆటలకు 800 మీటర్ల పరుగులో మా పాఠశాల నుండి ఒక్కరినే పంపే వీలుంది. మా స్నేహితుడొకడు రోజూ మమ్మును దాటిపోయేవాడు. ఎంపిక నాటికి ముందు రాత్రంతా వాడు చేనికి నీళ్లు పెట్టి వచ్చాడు. చివరి చుట్టులో పిక్క పట్టుకొని కూలబడ్డాడు. మేము మొదట వచ్చాము. డ్రిల్లు మాస్టారు మమ్మును పక్కకు పిలిచి, "వాడు నీకంటే బాగా పరుగెత్తుతాడు. నువ్వు ఒప్పుకుంటే వాడిని పంపుతాను. ఏమంటావురా?" అన్నారు.

మేము నేల చూపులు చూస్తూ, "గెలిచింది నేనే గదండీ" అన్నాము.

అది అబద్ధము కాదు. అందుకే ఇన్నేళ్లు దానిని తప్పు అని పిలువలేకపోయాము. వాడు బస్సు దాకా వచ్చి తువ్వాలు కొంగులో కట్టిన వేరుశెనక్కాయలు మా చేతిలో పెట్టి, "మొదటి చుట్టులో తొందరపడకురా, ఊపిరి దాచుకో" అని చెప్పాడు. మేము ఆరవ స్థానంలో వచ్చాము. వాడు పదితో చదువు మానివేశాడు.

తరువాత ప్రసంగాలలో పరుగు పందెపు ఉపమానము ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. ఈ పందెము మాత్రము ఒక్కసారి కూడా చెప్పలేదు.

మరుసటి వారము మా సొంత ఊరు వెళ్లి వాని ఇంటి అరుగు మీద కూర్చున్నాము. ఒకప్పుడు ఒరేయ్ అని పిలిచినవాడు ఇప్పుడు "అయ్యగారూ" అంటాడు. సంగతి చెప్పాము. "మరచిపోయాను" అంటాడని లోలోపల ఆశపడ్డాము. వాడు కాసేపు ఊరకుండి, "బస్సు కదిలిపోయాక బావి గట్టు మీద కూర్చుని ఏడ్చానండీ" అన్నాడు. తరువాత లోపలికి చూసి, "అయ్యగారికి టీ పెట్టండి" అని కేకవేశాడు. ఆ టీ తాగడము మాకు ఎంత కష్టమైనదో ఎలా వ్రాయగలము?

లేచేటప్పుడు వాడే మా చేయి పట్టుకొని, "ఇన్నాళ్లకైనా వచ్చావు గదరా" అన్నాడు. ఆ "రా" మాకు దొరికిన పతకము.

ప్రియులారా, పొలము గట్టు దగ్గర, అన్నదమ్ముల పంపకాలలో, సంఘపు కమిటీ ఎన్నికలలో నియమము మన పక్షాన ఉండవచ్చు. అంతమాత్రాన ఆ చోటు మనకే తగినదని కాదు. మీ ఇంటిలో అట్టి చోటు ఏదైనా ఉంటే, ముప్పై ఏళ్లు ఆగవద్దు.