గండికోటలో ఒక ఫ్రెంచి వర్తకుడు

కాకతీయ సామంతులైన కాయస్థ ప్రభువులకు రాజధానియైన వల్లూరులో నేడు ఆ వైభవము చెప్పినగాని తెలియదు. అచటినుండి ఎర్రగుంట్ల మీదుగా జమ్మలమడుగు చేరి, సంగటియు ఊరుబిండియు భుజించి (ఆ కారమునకు కన్నీరు పెట్టనివాడు సీమవాడే అయి యుండవలె), ఎండ తగ్గకమునుపే గండికోట యెక్కితిని.

నన్నచటికి రప్పించినవాడు తవెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు. 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరినది మొదలు ఐరోపా నావికులను గూర్చి మనము చదువుకొన్నవన్నియు తెరచాపల గాథలే. రేవున దిగి లోనాటి కొండలెక్కినవారి మాట అరుదు. ఇతడు 1652 మే నెలలో పారసీక రేవైన బందరబ్బాసున గోల్కొండ సుల్తాను నావ నెక్కి, గాలివానలో ఓడ లోనికి వచ్చిన నీటిని తోలు బొక్కెనలతో తోడించుకొనుచు, జూలైలో మచిలీపట్టణమున దిగెను. తెచ్చిన ముత్యములను సుల్తానుకంటె ముందు అతని మంత్రియు సేనానియునైన మీర్ జుమ్లాకు చూపవలసి యుండుటచే, దుర్గాధిపతులైన పెమ్మసానివారి చేతినుండి క్రొత్తగా జారిన యీ దుర్గమునకు సెప్టెంబరులో వచ్చెను.

కొండను తొలిచిన త్రోవ 20, 25 అడుగుల వెడల్పుండి కొన్నియెడల 7, 8 అడుగులకు కుదించుకొనిపోవుననియు, పైన వరియు చిరుధాన్యములును పండుననియు అతడు వ్రాసెను. నాకు మరపురానిది మీర్ జుమ్లా కొలువు. పాదరక్షలు లేక గుడారమున కూర్చుండిన నవాబు కాలివ్రేళ్ల సందులను, ఎడమచేతి వ్రేళ్ల సందులను లేఖలు ఇరికించుకొని, ఒకపరి కాలినుండి, ఒకపరి చేతినుండి లాగి చదివించుకొనుచు, ఇరువురు లేఖకులచే ప్రత్యుత్తరములు వ్రాయించుచు, నడుమ నడుమ నేరస్థులకు ఘోరశిక్షలు విధించుచుండెనట! సముద్రములు దాటి వచ్చినవాని కన్ను మణులను విడిచి ఆ కాలివ్రేళ్లపై నిలుచుట రచయిత భాగ్యము. మన దర్బారు చరిత్రకారుడెవడును ఇట్టిది వ్రాసియుండడు. ప్రభువు కాళ్లను వర్ణింపవలసినచో పద్మములనియే యుండును.

ఆలయవిగ్రహములను కరగించి ఫిరంగులు పోతపోయ మీర్ జుమ్లాచే నియుక్తుడైన క్లోద్ మాయే అను మరియొక ఫ్రెంచివాడు తుదకు ఒక్క ఫిరంగియైన సిద్ధపరుపలేకపోయెనని చదివి నాకు కలిగిన సంతోషమును దాచను.

జామియా మసీదును, ధాన్యాగారమును త్వరగా చూచితిని. మాధవరాయాలయ గోపురమున మాత్రము ప్రొద్దు వాలుదాక నిలిచితిని. యాత్రికులు పెన్న లోయ అంచున ఛాయాచిత్రములు తీసికొని అటునుండియే మరలిపోవుచున్నారు. తవెర్నియే యాత్రాగ్రంథము 1676లో పారిస్‌లో అచ్చయినది; గండికోటకు పోవువారు అందలి ఆ ఘట్టమును చదివి మరీ పోవలయును.