పట్నంలో బ్యాంకు మేడ

పిల్లలూ! హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ అనే పేట వున్నది. అక్కడి పెద్ద బ్యాంకు మేడను మీలో కొందరు బస్సులోంచి చూసే వుంటారు. నేను దాన్ని మొదటిసారి చూసింది మా నాయనమ్మ వెంట. అందుచేత దాని కథ మా వూరు సోమశిల నుంచి మొదలుపెడతాను.

సోమశిల కొల్లాపురం దగ్గర, కృష్ణ ఒడ్డున వున్నది. 1981లో శ్రీశైలం జలాశయం కోసం చాలా వూళ్ళు ఖాళీ చేయించారు. మా పాత ఇల్లూ, పొలమూ నీటి పాలైనాయి. సోమేశ్వరుడి గుడిని విప్పి మిట్ట మీద మళ్ళీ కట్టారు. పొలానికి వచ్చిన పరిహారాన్ని మా నాయన బ్యాంకులో వేశాడు. నాయనమ్మకది నచ్చలేదు.

"వూరే మునిగింది. ఆ కాగితం బుక్కు మునగదా?" అన్నది.

ఆమె భయం వట్టిది కాదు. పూర్వం మా ప్రాంతం నిజాం రాజ్యంలో వుండేది. ఆ రాజ్యానికి సొంత నాణెం వుండేది. దాని పేరు హాలీ సిక్కా. రూపాయి మీద చార్మినార్ బొమ్మ. బ్రిటిషువారి రూపాయిని కలదారు అనేవారు. 6 కలదార్లకు 7 హాలీ రూపాయలు. మరి 100 కలదార్లకు ఎన్ని హాలీలు? రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు అని గుర్తుంచుకుని లెక్క వేయండి. 116 రూపాయల 10 అణాల 8 పైలు రావాలి. అప్పట్లో సంతకు వెళ్ళే ప్రతివాడికీ ఈ లెక్క నోటికి వచ్చేది!

1950లలో హాలీ పోయి, దేశమంతటా చెల్లే రూపాయి ఒక్కటే మిగిలింది. నాయనమ్మ గోడలో దాచిన కుండ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి ఆలస్యమైపోయింది. వెండి రూపాయలు వెండి ధరకు పోయాయి. రాగి నాణేలు మాకు ఆటవస్తువు లైనాయి.

"ఆ బ్యాంకేదో నా కండ్లకు చూపెట్టు" అని పట్టుబట్టింది. సరే, నాగర్‌కర్నూలు మీదుగా బస్సులో పట్నం తీసుకుపోయాను.

గన్‌ఫౌండ్రీ అంటే ఫిరంగులు పోతపోసే చోటు. రెండో నిజాం కొలువులోని రేమండ్ అనే ఫ్రెంచివాడు 1786లో దాన్ని కట్టించాడు. ఆ పాత కట్టడం ఇప్పటికీ వున్నది. (మూసారాంబాగుకు ఆ పేరు వచ్చింది కూడా ఆయన వల్లనే.) ఫిరంగుల పేటకు బ్యాంకు వచ్చింది మాత్రం చాలా కాలానికి. 1941లో చట్టం చేసి హైదరాబాదు స్టేట్ బ్యాంకును స్థాపించారు. 1942 ఏప్రిల్ 5న మొదటి శాఖ అక్కడే తెరిచారు. సిక్కా వ్యవహారం చూడటం దాని పనుల్లో ఒకటి. అంటే నాయనమ్మ కుండలోని నాణేల మంచిచెడ్డలు చూసినది కూడా ఆ బ్యాంకే! 1956లో రిజర్వు బ్యాంకు దాన్ని తన చేతిలోకి తీసుకుని, పేరును స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని మార్చింది. 1959లో అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధ బ్యాంకు అయింది.

ఇవన్నీ చెబుతూ వుంటే నాయనమ్మ గోడను తడిమి చూసింది.

"మన పైసలు ఏ అర్రల పెట్టిండ్రు?"

"ఏ అర్రలోనూ లేవు. అడిగినవాళ్ళకు ఇవ్వడానికి కొంత వుంచుకుని, మిగతాది వడ్డీకి ఇస్తారు. రైతు బావి తవ్వుకోవడానికి తీసుకుంటాడు. వాడు కట్టే వడ్డీలో కొంత మనకు వస్తుంది."

"అయితే మన పైసలు ఎవరి బాయిలనో వున్నయన్నమాట."

"అవును."

ఆమె కాసేపు ఆలోచించింది.

"నీళ్ళు పడ్డయా మరి?" అన్నది.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాణ్ణే. అయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. బావి ఎండితే అప్పు తీరడం కష్టమే. బ్యాంకువాళ్ళకు కూడా ఆ చింత వుంటుంది.

2017 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. నాయన పాత పాస్‌బుక్కు పట్టుకుని శాఖకు వెళ్ళాను. గుమస్తా కొత్త పుస్తకం అచ్చువేసి ఇచ్చాడు. నిలవ పైసాతో సహా సరిపోయింది. పాత పుస్తకం అట్టలోంచి హాలీ నాణెం ఒకటి జారి బల్ల మీద పడింది. గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వుతూ నా చేతిలో పెట్టాడు.