గుర్రంకొండ ఎవరిది?

మాది చిత్తూరు దగ్గర ఐరాల. మా పదో తరగతి బ్యాచికి ఒక వాట్సాప్ గ్రూపుంది. పోయిన నెల అందులో టిప్పు సుల్తాన్ మీద గొడవ. ఒకడు మా సాయిబు ఫ్రెండును పట్టుకుని "నువ్వే చెప్పాల జవాబు" అన్నాడు. వాడు మాట్లాడకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. అడ్మిన్ని నేనే. ఆఫీసులో రిలీజు హడావిడి అని సర్దిచెప్పుకుని ఊరుకున్నాను.

తమాషా ఏమిటంటే, ఆ వారమంతా నేను చదువుతున్నది ఇమాం షామిల్ గురించి. దాగెస్తాన్, చెచెన్యా కొండజనాన్ని కూడగట్టి, 1834 నుంచి 1859లో గునీబ్ కొండ మీద లొంగిపోయేదాకా రష్యా చక్రవర్తులతో పోరాడినవాడు. శభాష్ అనుకుంటూ చదివా. అతని ముందరి ఇమాము హమ్జత్ బేక్, తోటి ముస్లిములైన అవార్ ఖాన్ల కుటుంబాన్నే చంపించాడన్న చోట మాత్రం ఆగిపోయా.

మన కథా అంతే. 1780లో హైదరాలీ దండు ఆర్కాటు సీమ మీద పడి ఊళ్ళు తగలబెట్టింది. చిత్తూరు అప్పుడు ఆర్కాటు నవాబు కిందే. 1782 డిసెంబరు 7న హైదర్ కన్నుమూసిందీ మన నరసింగరాయనిపేటలోనే. ఆయన బావమరిది మీర్ అలీ రజా ఖాన్ ఒకప్పుడు ఏలిన గుర్రంకొండను 1791లో ముట్టడించింది ఎవరనుకున్నారు? నిజాం సైన్యం, తోడు కంపెనీ ఫిరంగులు! నవంబరులో కింది కోట పడిపోతే, టిప్పు కొడుకు ఫతే హైదర్ వచ్చి మళ్ళీ పట్టాడు. కానీ 1799 సంధిలో కొండ నిజాముకు పోయింది, 1800లో కంపెనీకి. 1804లో కంపెనీ మీద తిరగబడింది మన చిత్తూరు పాళెగాళ్ళు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో "మనవాళ్ళు" ఎవరు? సామ్రాజ్యాన్ని ఎదిరించినవాడే పక్క ఊరికి సామ్రాజ్యం. మతాన్ని బట్టి గీత గీద్దామంటే నిజామే అడ్డం.

నిన్న వాడికి ఫోన్ చేశా. "ఒరే, మా నాయన బెల్లం మండీలో గుమాస్తా. నీకు కృష్ణదేవరాయలు ఏమవుతాడో నాకు టిప్పూ అంతేరా" అన్నాడు. కాసేపాగి, "నువ్వన్నా ఒక మాట అనుంటే బాగుండె" అన్నాడు.

అందుకే ఇదంతా రాసి, ముందు గ్రూపులో పెట్టి, తర్వాతే ఇక్కడ పెడుతున్నా. లేటుగానే, ఒప్పుకుంటా.