నీళ్లు మిగిలాయి!

మా బావమరిది మాటల్లో చెప్పాలంటే, నేను పక్కవీధికి కాఫీకి వెళ్లినా చిల్లర లెక్కపెట్టుకుని బయలుదేరే మనిషిని. బి.కాం. చదువు, ముప్ఫై ఏళ్ల బ్యాంకు కొలువు. అలాంటివాణ్ణి లెక్కలోనే తప్పాను. మన సంఘం కుటుంబాల్లో కుర్రకారు ఈమధ్య బళ్లేసుకుని లడఖ్ వెళ్లివస్తున్నారు కనుక, ఎవరికైనా పనికొస్తుందేమోనని ఆ సంగతి రాస్తున్నాను.

2017 ఆగస్టులో నేను, మా ఆవిడ, బావమరిది కలిసి అతని డీజిల్ బొలెరోలో బెంగళూరు నుంచి బయలుదేరి ఆరు రోజులకు మనాలి చేరాం. అక్కణ్ణుంచి లేహ్, ఆ పైన హాన్లే వెళ్లాలని నా కోరిక. హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున భారత ఖగోళ వేధశాల ఉంది. అందులోని రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును ఇక్కడి హోసకోటె నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. మా ఇంటికి గంట దూరం ఆ ఊరు. మన పొరుగున కూర్చుని చూసే ఆకాశాన్ని ఆ చివరికి వెళ్లి ఒకసారి చూడాలనిపించింది.

అప్పటికి అటల్ సొరంగం లేదు, అది 2020లో వచ్చింది. రోహతాంగ్ కనుమ ఎక్కి దిగితే తాండి అనే చోట పెట్రోలు బంకు ఉండేది. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని అక్కడ బోర్డు. అంటే లేహ్‌కు కాస్త ఇవతల కారు అనే ఊరు దాకా మరి బంకు లేదన్నమాట.

ఈ లెక్క నేను బెంగళూరులోనే వేసుకున్నాను. మన హైవేల మీద ఆ బండి లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చేది. కొండదారిలో మొదటి రెండు గేర్లలోనే నడపాలి, రాళ్లు, వాగులు, పలచని గాలి. అందుకని 8 కిలోమీటర్లే ఇస్తుందనుకున్నాను. 365కి 46 లీటర్లు. దాని మీద మూడో వంతు నిల్వ, 15 లీటర్లు. మొత్తం 61.

"ట్యాంకే 60 పడుతుంది కదా బావా, ఇంకా డబ్బాలెందుకు?" అన్నాడు బావమరిది.

ఆ మూడో వంతు ఊరు చేరడానికి కాదు, వెనక్కి తిరగడానికి. అది చేతిలో ఉంటే మూడింట రెండు వంతుల దారి పోయాక వంతెన తెగిందన్నా మళ్లీ బయలుదేరిన చోటికి రాగలం. పైగా లేహ్ నుంచి పాంగాంగ్, చుషుల్ మీదుగా హాన్లే వెళ్లి రావడానికి సుమారు 600 కిలోమీటర్లు. దానికి 75 లీటర్లు, నిల్వ 25. ట్యాంకు కాక 20 లీటర్ల ఇనుప డబ్బాలు రెండు ఉంటే సరిగ్గా వంద. ఈ జెర్రీ క్యాన్ జర్మను సైన్యం సృష్టి. పైన మూడు పిడులుంటాయి. నిండు డబ్బాను ఇద్దరు చెరో పక్కా పట్టుకోవచ్చు, ఖాళీవైతే ఒక్కడే చేతికి రెండేసి మోయవచ్చు. నిండు డబ్బాలో డీజిలే దాదాపు 17 కిలోలు. అది బండి పైకప్పు మీద పెడితే వాలుల్లో బండి తూలుతుంది, లోపల పెడితే వాసన. అందుకని వెనక తలుపు బయట, కిందుగా చట్రం వేయించి కట్టించాం.

ఇంత జాగ్రత్త డీజిల్‌కి. మరి నీళ్లకు? మనిషికి రోజుకు మూడు లీటర్లు, ముగ్గురికి రెండు రోజులకు 18, కనుక 20 లీటర్ల క్యాను ఒకటి. చిల్లర ఖర్చుల పద్దులో పడేసినట్టు పడేశాను. డీజిల్‌కు మూడో వంతు నిల్వ పెట్టినవాణ్ణి నీళ్లకు రెండు లీటర్లు పెట్టాను.

కీలాంగ్‌లో రాత్రి ఆగి, మర్నాడు 4,890 మీటర్ల బారాలాచా కనుమ దాటి సాయంత్రానికి సర్చూ గుడారాలు చేరాం. అలవాటు కొద్దీ క్యాను చూశాను. తొమ్మిది లీటర్లు ఖర్చు కావలసింది, అయిదే అయ్యాయి. "నీళ్లు మిగిలాయోయ్!" అని మురిసిపోయాను.

ఆ రాత్రి మా ఆవిడకు తల పగిలిపోయే నొప్పి, వాంతులు.

"పగలు నీళ్లెన్ని తాగావు?" అన్నాను.

"పొద్దున కాఫీ తాగాను కదండీ."

"నీళ్ల సంగతి అడుగుతున్నాను."

కాసేపు మాట్లాడలేదు. తరువాత, "దారిలో చెట్టు లేదు, పుట్ట లేదు. నన్నెక్కడ దిగమంటారు?" అంది.

మా ఇద్దరు మగవాళ్లం దారి పొడుగునా ఎక్కడ పడితే అక్కడ బండి ఆపుకున్నాం. ఆవిడ మటుకు ఆగవలసిన పని రాకుండా పొద్దుటి నుంచి గొంతు ఎండబెట్టుకుని కూర్చుంది. నేను చూసి మురిసిన మిగులు అదీ.

బ్యాంకులో సాయంత్రం నగదు ఎక్కువ తేలితే ఏ క్యాషియరూ సంతోషించడు. ఎవరికో ఇవ్వవలసింది తక్కువ ఇచ్చామని అర్థం. ఆ ఎవరో తేలేదాకా వోచర్లన్నీ తిరగేస్తాం. ముప్ఫై ఏళ్లు చేసిన ఈ పని ఆ పూట నాకు గుర్తు రాలేదు.

గుడారం నడిపే ముసలాయన వచ్చి చూసి, తెల్లవారగానే కిందికి దించమన్నాడు. ముందుకు పోతే ఇంకా ఎత్తే. వెనక్కయితే ఒక్క కనుమ దాటితే పల్లం. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు గుక్కగుక్కగా పట్టిస్తూ తెల్లవారేదాకా కూర్చున్నాం. వెలుగు రాగానే కీలాంగ్ దారి పట్టాం. మళ్లీ వంద కిలోమీటర్లకు పైగా వెనక్కి. డీజిల్ సరిపోతుందా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ డబ్బాల విలువ అప్పుడు తెలిసిందని బావమరిదే అన్నాడు.

కీలాంగ్ ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది ఇది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు నీళ్లు మందు కావు, దిగడమే మందు. కానీ అక్కడి పొడిగాలిలో, వేగంగా తీసే ఊపిరితో, తెలియకుండానే ఒంట్లో నీరు పోతుంది. చెమట పట్టినట్టే ఉండదు. ఎండిన ఒంటికి ఆ ఎత్తు మరింత బరువు. సాయంత్రానికి ఆవిడ తేరుకుంది. రెండు రోజులు అక్కడే ఉండి బెంగళూరుకు తిరిగి వచ్చేశాం. లేహ్, హాన్లే రెండూ చూడలేదు.

2019 సెప్టెంబరులో మళ్లీ ముగ్గురం వెళ్లాం. ఈసారి నీళ్ల లెక్క మా ఆవిడ వేసింది. మనిషికి నాలుగు లీటర్లు, బండికి అయిదు, దాని మీద మూడో వంతు నిల్వ. వెరసి దాదాపు 40 లీటర్లు, ఎనిమిది చిన్న క్యాన్లలో. ఒకటి కారినా ఏడు మిగులుతాయి. గడ్డకడితే నీరు ఉబ్బుతుంది కనుక ఏదీ అంచుదాకా నింపలేదు. ఎవరి సీసా వారికి వేరు, పిడికి రంగుదారం కట్టి. రెండు గంటలకోసారి బండి ఆపాలి. ఒక పక్క తలుపులు రెండూ తెరిచి వాటి మధ్య పాత చీర కడితే చాటు. పాత చీరలు రెండు, తాడు, క్లిప్పులు. ఇవి కూడా ఆవిడ నీళ్ల లెక్కలోనే ఉన్నాయి, నా పాత లెక్కలో లేనివి.

ఆసారి లేహ్‌లో మూడు రోజులు ఆగి, ఒళ్లు ఆ ఎత్తుకు అలవాటు పడ్డాకే హాన్లే వెళ్లాం. చీకటి పడ్డాక కొండ మీద తెల్లటి గుమ్మటం మసకగా కనబడింది. "మన హోసకోటె వాళ్ల కన్ను అదేనా?" అంది మా ఆవిడ. అదేనన్నాను. ఆకాశం వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాం. తరువాత తన సీసా నా చేతికిచ్చింది. ఖాళీ.

దూరప్రయాణం పెట్టుకున్న మిత్రులకు నేను చెప్పేది ఒక్కటే. డీజిల్‌ను ట్యాంకులో చూసి లెక్కపెట్టండి. నీళ్లను మటుకు క్యానులో చూసి లెక్కపెట్టకండి, వెంట ఉన్నవాళ్లను అడిగి లెక్కపెట్టండి.