తల దొరకని పెద్ద జంతువు

పొడవైన మెడతో ఆకులలములు మేసి బ్రతికిన రాక్షసిబల్లుల ఎముకలు మన గోదావరి ప్రాంతంలోనూ దొరికాయని మీలో ఎందరికి తెలుసు? 1970వ దశకం చివర్లో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు 840 దాకా ఎముకలు తవ్వి తీశారు. అవి కనీసం 12 జంతువులవి. వాటిని పరిశీలించిన పి. యాదగిరిగారు ఇది కొత్త జాతి అని 1988లో ప్రకటించి, 'కోటాసారస్ యామనపల్లియెన్సిస్' అని నామకరణం చేశారు. ఆ విధంగా ఒక పల్లెటూరి పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలకెక్కింది. ఆ జంతువు పొడవు సుమారు 9 మీటర్లు. అది తిరుగాడిన కాలం దాదాపు 18 కోట్ల సంవత్సరాల క్రితం.

హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన ఆ అస్థిపంజరాన్ని మా సండేస్కూలు పిల్లలకు చూపించాను. వెంట వచ్చిన ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచి, "అయ్యగారూ, ఇన్ని కోట్ల ఏళ్ల లెక్కలు వింటే మావాడి విశ్వాసం చెడిపోదా?" అన్నాడు. ఆయన భయం చిన్నదేమీ కాదు. అంతలో ఆ పిల్లవాడే వచ్చి, "అయ్యగారూ, దీని తల కూడా దొరికిందా?" అని అడిగాడు.

నిజానికి పుర్రె దొరకలేదు. రెండు పళ్లు మాత్రమే దొరికాయి. మిగతాదంతా దగ్గరి జాతులను బట్టి ఊహించుకోవలసిందే. వాడికి ఆ మాటే చెప్పి, తండ్రితో అన్నాను: "బ్రదర్, దొరికిందేదో, ఊహించిందేదో తెలుసుకోవాలని అడిగే బిడ్డను గురించి దిగులుపడకండి. అడగవద్దని మనం నోరు మూయిస్తే, రేపు వాడు మనల్ని ఏదీ అడగడు."

తల్లిదండ్రులారా, తెలిసింది తెలిసినట్టే చెప్పండి, తెలియనిది తెలియదనండి. అలా చెప్పిన ఇంట్లో పిల్లలు పెద్దవారయ్యాక కూడా మన దగ్గరికే వచ్చి అడుగుతారు.